ముసలి కుక్క, పెరిగే బీమా

(రేడియో ప్రసంగం)



పాడిగేదెకు చెవికి బిళ్ళ వేయించి బీమా చేయించడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే. మరి కుక్కకు బీమా ఏమిటి, అది పాలిస్తుందా, బండి లాగుతుందా అని నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్ళల్లో ఇది నవ్వులాట కాదు. ఇంటి వాయిదా, కారు బీమా, పిల్లల ఫీజులతో పాటు కుక్క బీమా కూడా నెల ఖర్చుల పట్టీలో ఒక వరుస. కుక్కకు తొమ్మిది, పదేళ్ళు దాటేసరికి ఆ వరుసలో అంకె ఏటేటా పెరిగిపోతుంది. "ఉంచుదామా, మానేద్దామా?" అని ఆలుమగలు తర్జనభర్జన పడే రోజు వస్తుంది. ఆ రోజున తొందరపడకుండా, కాగితం కలం దగ్గర పెట్టుకుని లెక్క చూసుకోవడం ఎలాగో ఈవేళ చెప్పుకుందాం. ఇక్కడ హైదరాబాదులోనో, విజయవాడలోనో కుక్కను పెంచుకునేవారికి పనికొచ్చే మాటలు చివర చెబుతాను.

గేదె బీమాకూ దీనికీ తేడా ఉంది. గేదె చనిపోతే దాని ఖరీదు ఇస్తారు. అమెరికాలో కుక్క బీమా ముఖ్యంగా వైద్యానికి. అక్కడ మొదటి పాలసీని 1982లో, సినిమాల్లో, టెలివిజన్లో పేరు పొందిన లాసీ కుక్కకు ఇచ్చారు. ఇందులో మామూలుగా ఆస్పత్రి బిల్లు ముందు మనమే కట్టాలి. తర్వాత కాగితాలు పంపితే కంపెనీ తన వాటా తిరిగి ఇస్తుంది. ఎంత ఇస్తుందన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది. ఏడాదిలో మొదటి ఇంత ఖర్చు మనదే అని ఒక హద్దు ఉంటుంది. దాన్ని డిడక్టబుల్ అంటారు. ఆ పైన అయ్యే ఖర్చులో వాళ్ళిచ్చేది నూటికి 70 కావచ్చు, 80 కావచ్చు, 90 కావచ్చు. ఇక మూడోది, ఏడాది మొత్తానికి ఇంతకు మించి ఇవ్వం అనే పరిమితి. ఈ మూడూ గుర్తుంచుకుంటే చాలు, మిగతాదంతా కూడికలూ తీసివేతలే.

ఇంతకీ ప్రీమియం ఎందుకు పెరుగుతుంది? "మేము ఒక్క క్లెయిమూ పెట్టలేదే!" అని చాలామంది ఆశ్చర్యపోతారు. బీమా అంటే నలుగురి డబ్బు ఒకచోట వేసి, ఆపద వచ్చినవాడికి ఇవ్వడం. కుక్కపిల్ల వయసులో జబ్బు ఎక్కడో ఒకదానికి వస్తుంది. పదేళ్ళు దాటాక కీళ్ళవాతం, పళ్ళ జబ్బు, మూత్రపిండాల బలహీనత, కంతులు – వీటిలో ఏదో ఒకటి లేని కుక్క అరుదు. అందరికీ ఖర్చు వచ్చే చోట అందరి వాటా పెరగక తప్పదు. దానికి తోడు పశువైద్యమే ఖరీదైపోయింది. మనుషులకు తీసినట్టే కుక్కలకూ స్కానింగులు, ప్రత్యేక నిపుణులు, రాత్రంతా తెరిచి ఉండే అత్యవసర ఆస్పత్రులు వచ్చాయి. ఊరు, జాతి కూడా లెక్కలోకి వస్తాయి. ఉత్తర అమెరికా పెంపుడు జంతువుల ఆరోగ్య బీమా సంఘం లెక్క ప్రకారం 2023లో అమెరికాలో ప్రమాదాలకూ జబ్బులకూ కలిపి తీసుకునే కుక్క పాలసీ సగటున ఏడాదికి సుమారు 675 డాలర్లు. అది అన్ని వయసుల కుక్కలూ కలిపిన సగటు. ముసలి కుక్కకు ఇంకా ఎక్కువే అవుతుంది.

పెంపు ఉత్తరం చేతికి రాగానే చాలామందికి వచ్చే ఆలోచన – ఇది మానేసి చవకైన ఇంకో కంపెనీలో చేరదామని. అక్కడే ఆగండి. కొత్త కంపెనీ వాళ్ళు మొట్టమొదట అడిగేది కుక్క పాత వైద్యం కాగితాలు. అందులో "కుంటుతోంది" అని డాక్టరు ఒక్క ముక్క రాసి ఉన్నా, ఆ కాలికి సంబంధించినది పాత జబ్బు కింద జమ కట్టి, దానికి ఇవ్వమంటారు. పాత పాలసీలో చెల్లుతున్న జబ్బు, కంపెనీ మారిన మరునాడు చెల్లకుండా పోతుందన్నమాట.

ఈ విషయంలో కొంత రక్షణ లేకపోలేదు. అమెరికా రాష్ట్రాల బీమా కమిషనర్ల సంఘం 2022లో ఒక నమూనా చట్టం తయారుచేసింది. పాలసీలో ఉండగా కవరైన జబ్బును, ఆ పాలసీని పునరుద్ధరించేటప్పుడు పాత జబ్బు అనకూడదని అందులో ఉంది. ఫలానాది పాత జబ్బు అని రుజువు చేసే భారం కూడా కంపెనీదే. కుక్క వయసును బట్టి, క్లెయిములను బట్టి, ఊరు మారినదాన్ని బట్టి ప్రీమియం పెంచుతారా అన్నది ముందుగానే తెలియజెప్పాలి. కొన్ని రాష్ట్రాలు దీన్ని తమ చట్టంగా చేసుకున్నాయి, కొన్ని చేసుకోలేదు. మీ పిల్లలున్న రాష్ట్రం సంగతి అక్కడి బీమా శాఖను అడిగితే చెబుతారు. అయితే చట్టం ఉన్నా, బీమా మీదే పూర్తిగా ఆనుకోవడం మంచిది కాదు. 2024లో అక్కడ ఒక పెద్ద కంపెనీ సుమారు లక్ష జంతువుల పాలసీలను ఇక కొనసాగించబోమని ప్రకటించింది. కాబట్టి బీమాతో పాటు చేతిలో కాస్త సొంత డబ్బూ ఉండాలి.

మరి మానకుండా, మోయలేని భారం పెట్టుకోకుండా మధ్యేమార్గం ఏమిటి? చిన్న ఖర్చులు మనం పెట్టుకుని, పెద్ద దెబ్బకు మాత్రం బీమాను ఉంచుకోవడం. మా అక్క కూతురు డాలస్ దగ్గర ఉంటుంది. వాళ్ళ లాబ్రడారుకు పదకొండేళ్ళు. ప్రీమియం నెలకు 138 డాలర్లకు చేరింది. అంటే ఏడాదికి 1,656. డిడక్టబుల్ 250, కంపెనీ వాటా నూటికి 90. ఆ అమ్మాయి కంపెనీకి ఫోను చేసి, డిడక్టబుల్‌ను 750కి పెంచి, వాళ్ళ వాటాను 70కి తగ్గిస్తే ఎంతవుతుందని అడిగింది. నెలకు 81 అన్నారు. ఏడాదికి 972.

ఇప్పుడు రెండు రకాల ఏడాదులు ఊహించుకోండి. ఒకటి మామూలు ఏడాది. మందులకీ పరీక్షలకీ 600 డాలర్లు అయ్యాయి. పాత పద్ధతిలో 315 తిరిగి వస్తాయి. చేతి ఖర్చు 285, ప్రీమియంతో కలిపి 1,941. కొత్త పద్ధతిలో ఏమీ తిరిగి రాదు. చేతి ఖర్చు 600, ప్రీమియంతో కలిపి 1,572. అంటే 369 డాలర్లు మిగులు. రెండోది గడ్డు ఏడాది. ఆపరేషనుకు 6,000 అయింది. పాత పద్ధతిలో 5,175 తిరిగి వస్తాయి, ప్రీమియంతో కలిపి మనకు పడేది 2,481. కొత్త పద్ధతిలో తిరిగి వచ్చేది 3,675, మొత్తం మనకు పడేది 3,297. అంటే 816 ఎక్కువ. బొత్తిగా బీమా లేకపోతే మామూలు ఏడాది 600తో పోతుంది, గడ్డు ఏడాది ఆరు వేలూ మన నెత్తినే.

ఈ లెక్క చూశాక ఆ అమ్మాయి కొత్త పద్ధతికే ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టుకుంది. తగ్గిన 57 డాలర్లూ నెల నెలా వేరే ఖాతాలో వేయాలి, ఇంకో పనికి ముట్టుకోకూడదు అని. ఏడాదికి 684 డాలర్లు జమ అవుతాయి. గడ్డు ఏడాది వస్తే కలిసే 816 భారంలో చాలా భాగం దీనితోనే తీరిపోతుంది. ఈ షరతు లేకపోతే మిగిలిన డబ్బు ఇంటి ఖర్చుల్లో ఉప్పులా కరిగిపోతుంది. మన అమ్మలు పోపులడబ్బాలో డబ్బు దాచినట్టే ఇదీ.

మీ పిల్లలు ఇలా మార్చుకునే ముందు రెండు మూడు సంగతులు అడిగి తెలుసుకోమనండి. కొన్ని కంపెనీలు ముందు డిడక్టబుల్ తీసేసి తర్వాత శాతం కడతాయి, కొన్ని ముందు శాతం కట్టి తర్వాత డిడక్టబుల్ తీసేస్తాయి. డబ్బులో తేడా వస్తుంది. డిడక్టబుల్ ఏడాదికి ఒకసారా, జబ్బు జబ్బుకూనా అన్నది ఇంకొకటి. తగ్గించుకోవడం సులువే గానీ, తర్వాత మళ్ళీ పెంచమంటే సాధారణంగా ఒప్పుకోరు. కాబట్టి ఒకేసారి అడుగంటా దిగవద్దు. టీకాలకీ, మామూలు పరీక్షలకీ అదనంగా తీసుకునే భాగం ఉంటే, దానికి కట్టేదెంత, వచ్చేదెంత అని చూసుకోవాలి. కట్టేది ఎక్కువైతే అది తీసేయడమే మేలు.

పాలసీ మానేయడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. కుక్కకున్న ముఖ్యమైన జబ్బే పాలసీలో చెల్లనిది అయినప్పుడు, పెద్ద ఆపరేషన్లు చేయించకూడదని ఇంటిల్లిపాదీ అనుకున్నప్పుడు, చేతిలో తగినంత డబ్బు ఉన్నప్పుడు మానుకోవచ్చు. ఆ నిర్ణయం లెక్క చూసి చేయాలి గానీ, ఉత్తరం చూసిన కోపంలో చేయకూడదు.

ఇక ఇంట్లో మన చేతిలో ఉన్న పొదుపు. అన్నిటికన్నా పెద్దది తిండి. అమెరికాలో 48 లాబ్రడార్ల మీద వాటి జీవితాంతం పరీక్ష చేసి 2002లో ఫలితాలు ప్రకటించారు. జతలో ఒకదానికన్నా నూటికి 25 వంతులు తక్కువ తిండి పెట్టిన కుక్కలు దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. కీళ్ళ నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. పక్కటెముకలు కంటికి కనబడకపోయినా చేతికి తగలాలి. అదీ గుర్తు. పిల్లల దగ్గరికి వెళ్ళిన అమ్మమ్మలకూ, నానమ్మలకూ ఒక మనవి. మిగిలిన సాంబారన్నం ప్రేమగా కుక్కకు పెట్టవద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి దాని రక్తాన్ని పాడుచేస్తాయి. పాయసంలో కిస్‌మిస్‌లు, ద్రాక్షపళ్ళు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. చాక్లెట్టు, చక్కెర లేని చూయింగ్ గమ్ములో వేసే జైలిటాల్ విషం. కుంటుతోంది కదా అని మనం వేసుకునే నొప్పిబిళ్ళలు వేయకూడదు. వాటితో అయ్యే ఆస్పత్రి బిల్లు, కీళ్ళ మందుల బిల్లును మించిపోతుంది.

డాక్టరు దగ్గర కూడా మొహమాటపడవద్దు. వైద్యం మొదలుపెట్టక ముందే ఖర్చు అంచనా రాసి ఇమ్మని అడగాలి. ఇందులో తప్పనిసరి ఏది, ఆగగలిగినది ఏది అని అడిగితే మంచి డాక్టరు విడదీసి చెబుతాడు. మందులకు చీటీ రాసిమ్మంటే బయట దుకాణంలో చవకగా దొరకవచ్చు. ముసలి కుక్కకు ఆరు నెలలకోసారి పరీక్ష దుబారా కాదు. పంటి జబ్బు గానీ, మూత్రపిండాల జబ్బు గానీ ముందుగా కనిపెడితే తక్కువలో తేలుతుంది. ఆస్పత్రిలో "వడ్డీ లేకుండా వాయిదాలు" అన్నప్పుడు మాత్రం జాగ్రత్త. కొన్ని పద్ధతుల్లో గడువులోగా పూర్తిగా తీర్చకపోతే మొదటి రోజు నుంచీ వడ్డీ వేస్తారు.

ఇక మన దగ్గర సంగతి. మన దేశంలోనూ ప్రభుత్వ రంగ బీమా కంపెనీలు, ఈమధ్య ప్రైవేటు కంపెనీలు కుక్కలకు పాలసీలిస్తున్నాయి. కానీ ఏడెనిమిదేళ్ళు దాటిన కుక్కను కొత్తగా చేర్చుకోవడం అరుదు. టీకాల పుస్తకం సరిగా లేకపోతే క్లెయిము నిలవదు. కాబట్టి మన ముసలి కుక్కకు అసలు బీమా, బ్యాంకులో నెల నెలా కట్టే రికరింగ్ డిపాజిట్టే. వైద్యానికి ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. పెద్ద జబ్బులకు రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆస్పత్రులున్నాయి. చదువు చెప్పే చోటు కనుక అక్కడ పెద్ద డాక్టర్లు చూస్తారు, ఖర్చూ తక్కువే.

ఆఖరుగా, చెప్పడానికి కష్టమైన మాట ఒకటుంది. పెద్ద కుక్కకు కడుపు ఉబ్బి మెలికపడితే గంటల్లో ఆపరేషను చేయాలి, లేదా బాధ లేకుండా సాగనంపాలి. అర్ధరాత్రి ఆస్పత్రి బల్ల దగ్గర, ఏడుస్తున్న పిల్లల మధ్య ఆ నిర్ణయం చేయడం ఎవరి తరమూ కాదు. డబ్బు లేక చంపుకున్నామన్న బాధ ఏళ్ళతరబడి వదలదు. చేయించి అప్పుల్లో పడ్డా, అది మరో నెలకే పోయిందన్న బాధా అంతే. కుక్క బాగా ఉన్న రోజునే కూర్చుని, ఎంతవరకు చేయిద్దాం, ఏ బాధ దానికి పెట్టకూడదు, ఎంత డబ్బు సిద్ధంగా ఉంది అని ఇంట్లో మాట్లాడుకుని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పాలసీ కాగితంతో పాటే దాన్నీ భద్రపరచండి. పదేళ్ళు మన గుమ్మం కాసిన ప్రాణికి ఆ మాత్రం ముందుచూపు మనం బాకీ.