చెరుగు వ్రాత, చెరగని వ్రాత

బట్టలుతుకు యంత్రమునందును, నేటి రేడియో సెట్లు పెక్కింటియందును గోటియంత చిన్నబిళ్ల యొకటి పనిచేయుచుండును. దీనిని మైక్రోకంట్రోలర్ అందురు. తనంత తాను అది యేమియు నెరుగదు. చేయవలసిన పనిని ముందుగా దాని జ్ఞాపకమున వ్రాసి యుంచవలెను. అట్లు వ్రాయుటకొక సాధనము కావలెను. ఆ సాధనమును మనుష్యునికి మారుగా కృత్రిమమేధ నడపునపుడు దానికి సూచనలెట్లు వ్రాయవలెనో నేడు ముచ్చటింతము.

ఉదాహరణమునకు, షాంఘై నగరమందలి ఎస్ప్రెసిఫ్ సంస్థ 2016లో వెలువరించిన ఇ.ఎస్.పి. 32 అను బిళ్లను తీసికొందము. దీనికి జతపడిన ఫ్లాష్ జ్ఞాపకమున వ్రాయు సాధనము పేరు ఇ.ఎస్.పి. టూల్. ఫ్రెడ్రిక్ ఆల్‌బెర్గ్ దీనికి నాంది పలుకగా, పిమ్మట ఆ సంస్థయే దీని భారమును వహించినది.

కృత్రిమమేధ ఏజెంటు అనగా, మనము చెప్పిన పనికి వలయు ఆజ్ఞలను తానే కూర్చి, కంప్యూటరుచే జరిపించి, ఫలితమును చదివి, తరువాతి అడుగు వేయునట్టిది. ఇంజనీర్లకై వ్రాసిన పుస్తకము దీనికి చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. ఇంజనీరునకు కన్నులును, చేతులును, కొంత జంకును గలవు. ఏజెంటునకు గలది అక్షరము మాత్రమే.

ఒక్కొక్కప్పుడు బిళ్ల వ్రాతకు సిద్ధపడదు. అపుడు పలకపైనున్న బూట్ మీటను నొక్కిపట్టవలెను. ఇంజనీరు ఆ పని అలవోకగా చేయును. వ్రేళ్లులేని ఏజెంటు అదే ఆజ్ఞను పదే పదే పంపుచుండును. కావున, “బిళ్ల పలుకనిచో ఆగి, మీట నొక్కుమని యజమానిని కోరుము” అని స్పష్టముగా వ్రాయవలెను.

ఇక చోటు సంగతి. బిళ్ల మేల్కొనగానే నడుచు తొలి కార్యక్రమమును ఇ.ఎస్.పి. 32నకు పదునారింటి లెక్కలో 1000వ చోట వ్రాయవలెను. అదే కుటుంబమునకు చెందిన సి3 బిళ్లకైనచో సున్న వద్దనే వ్రాయవలెను. అన్నకు కుట్టిన చొక్కా తమ్మునకు పట్టదు. కనుక మొదట బిళ్ల రకమును అడిగి తెలిసికొని, పిదపనే చోటు నిర్ణయింపవలెనని సూచన యుండవలెను. వ్రాత ముగిసిన పిమ్మట సాధనము సరిచూచి, సరిపోయినదని తెలుపును. ఆ మాట కనబడిననే పని ముగిసినట్లని కూడ చెప్పవలెను.

ఇంతవరకు జరుగు పొరపాట్లు పలకమీది బలపపు వ్రాతవంటివి. తుడిచి మరల వ్రాయవచ్చును. అయితే జ్ఞాపకమునంతయు తుడుచు ఆజ్ఞ అందు దాచిన వైఫై సంకేతపదమును, ఇతర అమరికలను కూడ తుడిచివేయును. కావున ముందుగా నకలు తీసి యుంచవలెను.

చెరగని వ్రాత వేరొకటి గలదు. బిళ్ల లోపల ఈ-ఫ్యూజులను చిన్న గుర్తులుండును. సున్న ఒకసారి ఒకటైనచో మరల సున్న కానేరదు. భద్రతకు సంబంధించిన తాళపుచెవులను ఇచ్చటనే నిలుపుదురు. ఇట పొరపాటు జరిగిన బిళ్ల మనకు శాశ్వతముగ పనికిరాకపోవచ్చును. అందుచే ఈ-ఫ్యూజులను వ్రాయు ప్రత్యేక సాధనము, “ఇది తిరుగులేని పని” యని హెచ్చరించి, ‘బర్న్’ అను మాటను టైపు చేయుమని కోరును. మనుష్యుడొక్క క్షణము ఆగి ఆలోచించుటకే ఈ ఏర్పాటు. ఏజెంటో, ఆ నాలుగక్షరములను తడుముకొనకుండ టైపు చేయగలదు. అసలు ఆ ప్రశ్నయే వలదని ముందుగా చెప్పు వీలు కూడ అందు గలదు.

కనుక సూచనల మొదటి పుటలోనే చెరుగు పనులను, చెరగని పనులను వేరుచేసి వ్రాయవలెను. రెండవ తెగకు చెందిన పనులను యజమాని స్వయముగా చేయవలెనని నియమింపవలెను. అంతియ చాలదు, ఏజెంటు ఆ వ్రాతను చదివియు తప్పవచ్చును. ఈ-ఫ్యూజుల సాధనమును దానికి అందకుండ నుంచుటయే మేలని మా యభిప్రాయము. వ్రాయునది యంత్రమైనను, నష్టమునకు బాధ్యుడు దానిచే వ్రాయించిన మనుష్యుడే కదా!