భుజాన కొత్త చుక్క... జేబులో పాత జీతం!

సైన్యంలో ఒక మెట్టు పైకెక్కి పని చేసినంత మాత్రాన ఆ మెట్టు జీతం వస్తుందా? వస్తుంది... ఒక్కోసారి రాదు. వచ్చినా నిలబడుతుందన్న హామీ లేదు. ‘యాక్టింగ్ ర్యాంకు’ వెనకున్న లెక్కలు తెలిస్తే ఔరా అనిపిస్తుంది!

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ఇబ్రహీంపట్నం. పెద్దచెరువుకు పేరున్న ఊరు. కులీ కుతుబ్‌షాహీ పాదుషా ఇబ్రహీం పేరు మోస్తున్న ఊరు. ఇప్పుడు అక్కడే నల్లదుస్తుల కమాండోల స్థావరం కూడా ఉంది. 2008 నవంబరులో ముంబయి మీద దాడి జరిగాక, ఢిల్లీ నుంచి విమానమెక్కి వచ్చేసరికి ఆలస్యమైపోతోందని జాతీయ భద్రతా దళం (ఎన్ఎస్‌జీ) కొన్ని నగరాల్లో కేంద్రాలు పెట్టుకుంది. హైదరాబాద్ కేంద్రం వాటిల్లో ఒకటి. ఆ కేంద్రానికి ఇబ్రహీంపట్నంలో చోటు దొరికింది.

అలాంటి చోట క్వార్టర్స్ బయట కూరగాయల బండి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారనుకోండి.

‘‘ఏం వదినా, అన్నకు పెద్ద పోస్టు వచ్చిందంట గదా! ఇగ జీతం గూడ పెరిగినట్టేనా?’’

‘‘పెరిగింది పని ఒక్కటే వదినా!’’

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, ఆ జవాబులో అబద్ధం లేదు. యూనిఫాం వేసుకునే ఉద్యోగాల్లో ర్యాంకు వేరు, ఆ ర్యాంకు జీతం వేరు. రెండూ కలిసి రావచ్చు, ఒకదాని వెనక ఒకటి రావచ్చు, అసలు కలవకుండానే సర్వీసు అయిపోవచ్చు.

ఒకే మనిషికి రెండు ర్యాంకులు

సైన్యంలో ప్రతి ఒక్కరికీ ఒక సొంత ర్యాంకు ఉంటుంది. దాన్ని ‘సబ్‌స్టాంటివ్’ ర్యాంకు అంటారు. పైన ఖాళీ ఏర్పడి, ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోక తప్పనప్పుడు కింది మనిషిని తాత్కాలికంగా పైకి లేపుతారు. అది ‘యాక్టింగ్’ ర్యాంకు. బడిలో హెడ్మాస్టరు రిటైరైతే సీనియర్ మాస్టారు ఇన్‌ఛార్జి అయినట్టన్నమాట. తేడా ఏమిటంటే, ఇన్‌ఛార్జి మాస్టారు మునుపటి చొక్కాతోనే బడికి వస్తారు. సైనికుడి భుజం మీద మాత్రం గుర్తు మారిపోతుంది. కిందివాళ్లు సెల్యూట్ చేస్తారు. తప్పు జరిగితే పై ర్యాంకు బాధ్యతే మెడకు చుట్టుకుంటుంది.

మరి జీతం? ఇక్కడే మెలిక ఉంది. ఒక పటాలంలో ఫలానా ర్యాంకు వాళ్లు ఇంతమంది ఉండాలని ముందే ఒక లెక్క మంజూరై ఉంటుంది. ఆ లెక్కలో నిజంగా ఖాళీ ఉండి, దానికి ఎదురుగా ర్యాంకు ఇస్తే అది ‘పెయిడ్’... అంటే జీతంతో కూడిన యాక్టింగ్ ర్యాంకు. ఖాళీ లేకపోయినా కుర్రాడి సత్తా చూద్దామనో, జట్టుకు ఒక పెద్ద కావాలనో ఇస్తే అది ‘అన్‌పెయిడ్’. పాత రోజుల సైనికుల కబుర్లలో ‘అన్‌పెయిడ్ లాన్స్ నాయక్’ అన్న మాట వినిపిస్తూ ఉంటుంది. చేతి మీద ఒక పట్టీ, పది మంది మీద పెత్తనం, పే బుక్కులో మాత్రం సిపాయి జీతం!

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం దీనికి గడువులు కూడా పెట్టింది. కిందిస్థాయి వాళ్లకు యాక్టింగ్ ర్యాంకు మొదట జీతం లేకుండానే మొదలయ్యేది. 21 రోజులు ఆ పని చేశాక జీతానికి అర్హత. ఇరవయ్యో రోజున గాయపడి ఆసుపత్రి పాలైన వాడి సంగతేమిటని అడిగితే... పాపం, పాత ర్యాంకే గతి.

పెరిగేది ఎంత?

జీతంతో కూడిన యాక్టింగ్ ర్యాంకే వచ్చిందనుకుందాం. చేతికి ఎంత అదనంగా వస్తుంది? ఏడో వేతన సంఘం పట్టికలో నాయక్‌ది 4వ లెవల్, మొదటి మెట్టు రూ.25,500. హవల్దార్‌ది 5వ లెవల్, మొదటి మెట్టు రూ.29,200. నాయబ్ సుబేదార్‌ది 6వ లెవల్, రూ.35,400. నాయక్‌ను హవల్దార్ చేస్తే 3,700 రూపాయలు పెరుగుతుందనిపిస్తుంది. కానీ అలా జరగదు.

కొన్నేళ్లు పనిచేసిన ఒక నాయక్ మూలవేతనం రూ.29,600 అనుకోండి. హవల్దార్‌గా లేపినప్పుడు ముందు పాత లెవల్లోనే ఒక ఇంక్రిమెంటు కలుపుతారు... రూ.30,500 అవుతుంది. కొత్త లెవల్లో దానికి సమానమైన అంకె, లేదా ఆ పైనున్న అంకె చూస్తారు. అది రూ.31,000. అంటే పెరిగింది 1,400. దాని మీద కరవు భత్యం. జవాన్లకు, జేసీవోలకు ఇచ్చే మిలిటరీ సర్వీస్ పే రూ.5,200 మాత్రం రెండు ర్యాంకుల్లోనూ ఒకటే. యాక్టింగ్ ర్యాంకు పోయి వెనక్కి వస్తే ఈ మొత్తం కూడా వెనక్కే!

సివిల్ ఉద్యోగుల ఇళ్లలో వాళ్లు ‘ఇంతేనా’ అనుకోనక్కర్లేదు. వాళ్ల పరిస్థితీ అంతంత మాత్రమే. మన రాష్ట్రాల ఫండమెంటల్ రూల్స్‌లో 49వ నిబంధన ఉంది. పూర్తి అదనపు బాధ్యత, అందరి నోళ్లలో ఎఫ్.ఏ.సి., కనీసం 14 పని దినాలు దాటితేనే భత్యం. మొదటి మూడు నెలలు జీతంలో ఐదో వంతు దాకా, తరవాత మూడు నెలలు పదో వంతు దాకా. ఆరు నెలలు దాటిందా, కుర్చీ ఉంటుంది, డబ్బు ఉండదు. ఏళ్ల తరబడి ‘ఇన్‌ఛార్జి’ బోర్డుతో నడిచే ఆఫీసులు మన దగ్గర ఎందుకన్ని ఉన్నాయో ఈ లెక్క చూస్తే కొంత అర్థమవుతుంది.

ఇక ఎన్ఎస్‌జీలాంటి దళంలో ఇంకో చిక్కు. అక్కడున్న వాళ్లెవరూ ఆ దళంలో పుట్టిన వాళ్లు కాదు. కొందరు సైన్యం నుంచి, మిగతావాళ్లు సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్ మీద వస్తారు. అక్కడ టీమ్ కమాండర్, స్క్వాడ్రన్ కమాండర్, గ్రూప్ కమాండర్ అని వేరే పేర్లు. పేరు మారినంత మాత్రాన సొంత దళంలో ర్యాంకు మారదు. కేంద్ర బలగాల్లో ‘లోకల్ ర్యాంకు’ అని ఒకటుంది. బీఎస్‌ఎఫ్ నిబంధనలు దాని గురించి దాపరికం లేకుండా చెప్పేస్తాయి... లోకల్ ర్యాంకు ఉన్నవాడికి ఆ ర్యాంకు అధికారాలన్నీ ఉంటాయి, సీనియారిటీ మాత్రం అడగకూడదు, కేంద్రం ప్రత్యేకంగా చెబితే తప్ప అదనపు జీతం ఉండదు. ఏ పదవి కోసం ఇచ్చారో ఆ పదవి వదలగానే ర్యాంకూ పోతుంది.

మొగలాయిల నాటి మెలికే!

ఇదేదో తెల్లదొరలు నేర్పిన పితలాటకం అనుకుంటే పొరపాటు. మొగల్ కొలువులో మన్సబ్‌దారులుండేవారు. ప్రతి మన్సబ్‌దారుకూ రెండంకెలు. ‘జాత్’ అన్నది అతని సొంత హోదాకు, జీతానికి. ‘సవార్’ అన్నది అతను పోషించాల్సిన గుర్రపు దళానికి. ఒకణ్ని ఏ ఫౌజ్‌దారుగానో పంపేటప్పుడు పని పెద్దది, అతని దళం చిన్నది అయితే సవార్ అంకెను తాత్కాలికంగా పెంచేవారు. దాని పేరు ‘మష్రూత్’. అంటే షరతుతో కూడినదని. ఆ పదవిలో ఉన్నన్నాళ్లే ఆ అంకె, దానికి తగ్గ జీతం. బదిలీ కాగానే కోత. పని నచ్చితే షరతు ఎత్తేసి శాశ్వతం చేసేవారు. అచ్చంగా నేటి యాక్టింగ్, సబ్‌స్టాంటివ్ తేడాయే. గోల్కొండ 1687లో మొగలాయిల చేతికి వచ్చాక ఈ పద్ధతి ఇక్కడికీ వచ్చింది. నిజాముల కాలంలోనూ మన్సబ్‌లు నడిచాయి.

నిజాం పాలన ముగిసిన ఘట్టంలోనూ ఒక యాక్టింగ్ ర్యాంకు కనిపిస్తుంది. 1947లో బ్రిటిష్ అధికారులు మూటాముల్లే సర్దుకోవడంతో మన సైన్యంలో పై కుర్చీలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. మామూలుగా అయితే పదేళ్లు పట్టే మెట్లు మన అధికారులు నెలల్లో ఎక్కాల్సి వచ్చింది. జె.ఎన్. చౌధురి 1948 ఫిబ్రవరిలో యాక్టింగ్ మేజర్ జనరల్ అయ్యారు. అదే ఏడాది సెప్టెంబరులో ఒకటో ఆర్మర్డ్ డివిజన్‌ను నడిపించుకుంటూ హైదరాబాద్‌లోకి వచ్చి, నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగుబాటును స్వీకరించారు. ఆ తరవాత ఇక్కడే మిలిటరీ గవర్నర్. ‘యాక్టింగ్’ అన్న మాట అడ్డమేమీ కాలేదు.

ఎక్కించడం తేలిక, దించడం ఇంకా తేలిక

శాశ్వత ర్యాంకున్న హవల్దార్‌ను కిందికి దించాలంటే పై అధికారుల ఉత్తర్వో, కోర్టు మార్షలో కావాలి. యాక్టింగ్ అయితే? 1950 నాటి ఆర్మీ చట్టం 20వ సెక్షన్ ప్రకారం కమాండింగ్ అధికారి ఒక్క మాటతో అతన్ని పాత ర్యాంకుకు పంపేయవచ్చు. 80వ సెక్షన్లోని చిన్న శిక్షల జాబితాలోనూ ఈ సంగతి ఉంది. అంటే సెలవు నుంచి రెండు రోజులు ఆలస్యంగా వచ్చిన యాక్టింగ్ నాయక్, పొద్దున పట్టీతో గేటు లోపలికెళ్లి సాయంత్రానికి పట్టీ లేకుండా బయటికి రావచ్చు!

అధికారుల్లో ఈ అస్థిరత ఇప్పుడు బాగా తగ్గింది. అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫారసుల మేరకు 2004 డిసెంబరు నుంచి రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్... ఇవన్నీ సర్వీసును బట్టి శాశ్వతంగానే వస్తున్నాయి.

అమెరికాలో ప్రమోషన్ ఖరారై తేదీ రాని అధికారికి ముందుగానే కొత్త గుర్తులు పెట్టుకోనిస్తారు. దాన్ని ‘ఫ్రాకింగ్’ అంటారు. జీతం మాత్రం తేదీ వచ్చాకే. కెనడా వాళ్లు కాస్త నయం. ‘ఆ పనిలో ఉన్నంత కాలం’ అని రాసి మరీ ర్యాంకుతోపాటు జీతమూ ఇస్తారు.

పింఛను దగ్గరే అసలు పేచీ

జీతం తేడా వెయ్యో, రెండు వేలో. అది పోతే పోయిందనుకోవచ్చు. కానీ పింఛను అలా కాదు. ముప్పై నలభై ఏళ్లు, ఆ తరవాత భార్యకు కుటుంబ పింఛను రూపంలో ఇంకొన్నేళ్లు... ఒక్క ర్యాంకు తేడా అన్నాళ్లూ వెంటాడుతుంది. పాత నిబంధన ప్రకారం జవాన్లకు ఆఖరి పది నెలలు ఏ ర్యాంకులో ఉంటే ఆ ర్యాంకు పింఛను. తొమ్మిదిన్నర నెలలు పై ర్యాంకులో ఉండి రిటైరైతే కింది ర్యాంకు లెక్కే. పదిహేను రోజుల తేడాకు జీవితకాలపు నష్టం! ఆరో వేతన సంఘం తరవాత, 2006 జనవరి 1 నుంచి ఆఖరి జీతాన్ని బట్టే లెక్క కట్టడం మొదలయ్యాక ఈ బాధ తీరింది. అంతకు ముందే ఇంటికొచ్చేసిన వాళ్లకు మాత్రం పాత గాయం పాతదే.

వాళ్లలో కొందరు ఊరుకోలేదు. మంచి సర్వీసున్న హవల్దార్లకు రిటైరయ్యేటప్పుడు గౌరవంగా ‘ఆనరరీ నాయబ్ సుబేదార్’ ర్యాంకు ఇస్తారు. ఊళ్లో పిలుపు నాయబ్ సుబేదార్, పింఛను హవల్దార్‌ది! 2009లో రక్షణ శాఖ, వీళ్లకు నాయబ్ సుబేదార్‌గా ప్రమోషన్ వచ్చినట్టే భావించి పింఛను లెక్కిస్తామంది. అయితే 2006 తరవాత రిటైరైన వాళ్లకే అని గీత గీసింది. అదే ర్యాంకు, అదే సర్వీసు, రిటైరైన తేదీ ఒక్కటే తేడా. పాతవాళ్లు సైనిక ట్రైబ్యునల్‌కు వెళ్లారు. చండీగఢ్ బెంచి 2010లో వాళ్లవైపే తీర్పిచ్చింది. కేంద్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2015లో తేలింది అదే... ముందు రిటైరైన వాళ్లకూ 2006 జనవరి నుంచి ఇవ్వాల్సిందేనని.

అధికారులదీ ఇలాంటి కథే. నాలుగో వేతన సంఘం 1986 నుంచి కెప్టెన్ మొదలు బ్రిగేడియర్ దాకా ‘ర్యాంక్ పే’ అని నెలకు రూ.200 నుంచి రూ.1,200 వరకు ఇచ్చింది. ఇచ్చినట్టే ఇచ్చి, మూలవేతనం ఖరారు చేసేటప్పుడు అంత మొత్తాన్నీ కోసేశారు. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో తీసుకోవడమంటే ఇదే. మేజర్ ధనపాలన్ ఒక్కరే కేరళ హైకోర్టుకెక్కి 1998లో గెలిచారు. మిగతా అధికారులందరికీ ఆ ఫలితం దక్కడానికి 2012 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆఖరి మాట చెప్పేదాకా ఆగాల్సి వచ్చింది.

దీనికి తలకిందుల ఏర్పాటు కూడా ఒకటుంది. ప్రమోషన్ రాని జవానుకు 8, 16, 24 ఏళ్ల సర్వీసు దగ్గర పై మెట్టు జీతం ఇస్తారు. దాన్ని ఎం.ఏ.సి.పి. అంటారు. జీతం పెరుగుతుంది, పట్టీ మారదు. అంటే ఒకే బారక్‌లో ర్యాంకుండి జీతం లేని వాడూ, జీతముండి ర్యాంకు లేని వాడూ పక్కపక్క మంచాల మీద పడుకోవచ్చు. ఎం.ఏ.సి.పి. ఏ తేదీ నుంచి ఇవ్వాలన్న దాని మీదా గొడవే. 2008 నుంచి కాదు, 2006 జనవరి 1 నుంచి ఇవ్వాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ట్రంకు పెట్టెలో కాగితం

ఇలాంటి పేచీల్లో గెలుపోటములు చివరికి ఒక కాగితం దగ్గర తేలతాయి. యూనిట్ ప్రచురించే ‘పార్ట్ టూ ఆర్డర్’. ర్యాంకు ఎప్పుడు ఇచ్చారు, జీతంతోనా, లేకుండానా, ఎప్పుడు వెనక్కి తీసుకున్నారు అన్నది అందులో ఉండాలి. జీతాలు చూసే పే అకౌంట్స్ ఆఫీసు కదిలేది దాన్ని చూసే. కమాండింగ్ అధికారి నోటిమాటగా ‘ఇవాళ్టి నుంచి నువ్వే హవల్దార్‌వి’ అంటే పరేడ్ గ్రౌండులో చెల్లుతుంది, పే అకౌంట్స్ ఆఫీసులో చెల్లదు. ఇంట్లో మాజీ సైనికుడుంటే డిశ్చార్జి పుస్తకంలోని ర్యాంకునూ, పింఛను చెల్లింపు ఉత్తర్వులోని ర్యాంకునూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. రెండూ కలవకపోతే ముందు సొంత రికార్డు ఆఫీసుకు రాయాలి. దారి తెలియని వాళ్లకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం అర్జీ రాయడంలో సాయం చేస్తుంది. అక్కడా తేలకపోతే 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది. తెలంగాణ, ఆంధ్రా కేసులు దాని చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి.