వెండితెరపై ద్వంద్వ వ్యక్తిత్వము: చిత్రము చెప్పినది, చెప్పనిది

శంకర్ దర్శకత్వమున తమిళమున ‘అన్నియన్’గా నిర్మింపబడి, 2005లో తెలుగున ‘అపరిచితుడు’గా వచ్చిన చలనచిత్రమును ఎరుగని తెలుగువారు అరుదు. అందు విక్రమ్ ధరించిన పాత్ర సాధుస్వభావుడైన న్యాయవాది. బాల్యమున చెల్లెలు విద్యుద్ఘాతమున మరణించుట కన్నులార చూచినవాడు. ఆ దుఃఖము లోలోన రగిలి అతనిలో మరి యిద్దరు పుట్టుదురు: ఒకడు విలాసపురుషుడు, రెండవవాడు గరుడపురాణోక్త శిక్షలతో దోషులను వధించువాడు.

ఇందు సత్యమెంత? బాల్యమున తగిలిన తీవ్రాఘాతము ఇట్టి వ్యాధికి మూలమగునని పలువురు వైద్యులు అంగీకరింతురు. ఒక స్థితిలో జరిగినది మరియొక స్థితిలో గుర్తుండకపోవుటయు నిజమే. కాని రోగి హంతకుడగుననుట కథాకల్పన. ఇట్టివారు పరులకంటె తమకే ఎక్కువ హాని చేసికొందురు. ‘స్కిజోఫ్రీనియా’ వేరొక వ్యాధి. అందు మనిషి ఇద్దరుగా చీలడు. లేని మాటలు వినబడును, నిరాధారమైన అనుమానములు కలుగును.

బస్తరు సీమలో, తెలుగు వినబడు కోంట, భోపాలపట్నం ప్రాంతములతో సహా, ఒకరి మాటయు నడతయు హఠాత్తుగా మారినచో దేవత పూనినదని తలచుట కలదు. అట్టివేళ సిర్హాను పిలుతురు. జగదల్‌పూరున 75 దినముల దసరాలో ఒక బాలిక ముళ్ల ఊయలపై శయనించి, కాఛిన్‌దేవి ఆవేశమున ఉత్సవమునకు అనుమతి నొసగును. ఇది వ్యాధి కాదు. 2022లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణము సైతము ఆచారసమ్మతమైన పూనకమును రోగముగా నెంచదు.

కోరకయే, వేళకాని వేళ మరల మరల వచ్చి, నిద్రాహారములను, పనిపాటలను చెడగొట్టునది మాత్రము వ్యాధిలక్షణము. అప్పుడు రోగిని కొట్టుట, పస్తులుంచుట, పొగపెట్టుట ఆ గాయమును మరింత లోతు చేయును. గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టము నిషేధించినది.

చికిత్స పిమ్మటయు అపరిచితుడు లోపల మిగిలియున్నట్లు చిత్రము ముగియును. ఇక నయము కాదని ప్రేక్షకుడు నిరాశపడరాదు. ఓర్పుతో సాగు సంభాషణా చికిత్స ఇందు ముఖ్యము. తోడుగా వచ్చు దిగులుకు మందులు కలవు. కొన్ని యేండ్లు పట్టవచ్చును గాని, పలువురు కోలుకొందురు.

సిర్హాపై గౌరవము నిలుపుకొనియే వైద్యుని చూడవచ్చును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి, తెలుగుననే సలహా పొందవచ్చును.