పిల్లల కస్టడీ కేసు: వాయిదాల మధ్య ఏం చేయవచ్చు?

కస్టడీ కేసు సాగడానికి కోర్టుల్లో రద్దీ ఒక్కటే కారణం కాదు. చాలాసార్లు ఆలస్యం కేసు ఎక్కడ వేశామన్న దగ్గరే మొదలవుతుంది. నేను చదివింది ఎం.బి.ఎ., లాయరును కాను. అయితే బదిలీల మీద బతికే మన కుటుంబాల్లో ఆలుమగలు రెండు రాష్ట్రాల్లో ఉండడం మామూలే కాబట్టి తెలిసినంత రాస్తున్నాను.

వరాఛాలో మా బ్రాంచికి వజ్రాల పనివాళ్లతో పాటు లింబాయత్ నుంచి మన నేత కుటుంబాల వాళ్లూ వస్తుంటారు. తెలుగు వినబడితే చాలు, లోను మాట పక్కనపెట్టి ఇంటి సంగతులు చెప్పుకుంటారు. ఒకాయన అన్నాడు: "సార్, నా బిడ్డ వాళ్లమ్మతోని కరీంనగర్‌ల ఉంది. ఈడ కేసేసి రెండేండ్లయింది, ముందల్కి పోతలేదు."

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే అక్కడి కోర్టుకే ఆ పరిధి. తండ్రి సూరత్‌లో ఉన్నాడన్నది లెక్కలోకి రాదు. ఆ రెండేళ్లూ పరిధి వాదనకే పోయాయి. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి కేసు మార్చాలంటే మళ్లీ సుప్రీంకోర్టుకే వెళ్లాలి.

ఈలోగా పాప మూడేళ్ల నుంచి ఐదేళ్లకు వచ్చింది. ఇదే అసలు నష్టం. బిడ్డ ఒకచోట కుదురుకున్నాక కోర్టు కదిలించడానికి వెనకాడుతుంది, బిడ్డ క్షేమమే దానికి ప్రధానం కనుక. అందుకే తుది తీర్పు కోసం కూర్చోకుండా, సరైన కోర్టులో మొదటిరోజే 12వ సెక్షన్ కింద మధ్యంతర దరఖాస్తు వేయాలి. కస్టడీ అడగడం సరే, కనీసం చూసే హక్కు, ఫోన్లో మాట్లాడే హక్కు తప్పక అడగాలి. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, దూరంగా ఉన్న తల్లి లేక తండ్రి బిడ్డతో రోజూ 5-10 నిమిషాలు మాట్లాడగలగాలని చెప్పింది. రోజూ పది నిమిషాలంటే చిన్న విషయం కాదు, బిడ్డ గొంతు మర్చిపోకుండా ఉంటుంది.

"హైకోర్టుకెళ్లి ఆరు నెలల గడువు తెచ్చుకుందాం" అని కొందరు సలహా ఇస్తారు. 2024 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం, అసాధారణ పరిస్థితుల్లో తప్ప అలాంటి గడువులు పెట్టవద్దంది. దానిమీద ఖర్చు పెట్టేముందు ఆలోచించండి.

ఖర్చుల విషయంలో చట్టం కాస్త నయం. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిల్లల పోషణ, చదువు దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, తేల్చాలి. ఆ "వీలైనంతవరకు" దగ్గరే జారిపోతుంటుంది! 2020 నాటి రజ్నేశ్ తీర్పు తర్వాత భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తిఅప్పుల అఫిడవిట్ ఇవ్వాలి. జీతం స్లిప్పులు, ఫారం 16, లోను వాయిదాల స్టేట్‌మెంట్లు ముందే జతచేస్తే ఒకటి రెండు వాయిదాలు మిగులుతాయి.

మన కౌంటర్ల వాళ్లకూ ఒక మాట. గీతా హరిహరన్ దంపతులు కొడుకు పేర బాండ్లకు దరఖాస్తు చేస్తే రిజర్వు బ్యాంకు తండ్రి సంతకం అడిగింది. ఆ వివాదంలోనే 1999లో సుప్రీంకోర్టు తల్లి కూడా సహజ సంరక్షకురాలు కాగలదని తేల్చింది. కేసు నడుస్తున్న తల్లి బిడ్డ పేర ఖాతా తెరవడానికి వస్తే, కోర్టు ఉత్తర్వు అడ్డు లేనంతవరకు, భర్త సంతకం తెమ్మని వెనక్కి పంపకండి.