రాంబిల్లి బడుల్లో తప్పుతున్న లెక్క

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. బడులు తెరిచేది జూన్ 12న. రాంబిల్లి తీరంలో పడవ మీద బతికే ఇళ్లకు ఈ రెండూ ఒకేసారి వచ్చి మీద పడతాయి. 61 రోజులు పడవ ఒడ్డునే ఉండి చేతిలో చిల్లిగవ్వ మిగలని వారంలోనే ప్రైవేటు స్కూలు అడ్మిషన్ ఫీజు, వ్యాను ఛార్జీ, పుస్తకాల డబ్బు కట్టమంటుంది. అదే ఊళ్లో సర్కారు బడి ఉంది. ఫీజు లేదు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు ప్రభుత్వమే ఇస్తుంది. మధ్యాహ్నం అన్నం, గుడ్డు పెడతారు. అయినా అప్పో సప్పో చేసి పిల్లల్ని వ్యానెక్కించే ఇళ్లు ఏటా పెరుగుతున్నాయి. సర్కారు బడిలో సీట్లకు కొదవ లేనప్పుడు ఈ అప్పు ఎందుకు చేస్తున్నట్టు?

జవాబు తల్లిదండ్రుల మోజులో కన్నా టీచర్ పోస్టుల లెక్కలో ఎక్కువ దొరుకుతుంది.

రాంబిల్లి పేరుకే పల్లె మండలం. శారదా నది సముద్రంలో కలిసేది ఇక్కడే. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఒక పక్క అచ్యుతాపురం సెజ్, ఇంకో పక్క నౌకాదళ స్థావరం నిర్మాణం. స్థావరం కోసం పొలాలు పోయాయి, కొన్ని తీర పల్లెలు ఉన్నచోటి నుంచి లేచి వెళ్లాల్సి వచ్చింది. సెజ్‌లో పని దొరికినవాళ్లు అచ్యుతాపురంలోనో యలమంచిలిలోనో అద్దెకు దిగారు. పదేళ్ల కిందట జనం ఉన్న చోట ఇవాళ లేరు, లేని చోట కిక్కిరిశారు. బడి గదులు మాత్రం కట్టిన చోటే ఉన్నాయి. జనంతోపాటు పోస్టులూ కదలాలంటే రేషనలైజేషన్, అంటే పోస్టుల సర్దుబాటు, జరగాలి. అదేమో పాత రోల్ (బడిలో చేరిన పిల్లల లెక్క) ముందు పెట్టుకుని, కొన్నేళ్లకోసారి జరిగే తతంగం.

దీనికి తోడు పుట్టే పిల్లలే తగ్గారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటు సంతానం 1.7. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసిందంటే పరిస్థితి ఎంత తారుమారైందో తెలుస్తుంది. ఉన్న కొద్దిమంది పిల్లల కోసం ఊరి బడీ, పట్నం స్కూలూ పోటీ పడుతున్నాయి. ఆ పోటీలో ఊరి బడి చేతులు ముందే కట్టేసి ఉన్నాయి.

ఎలాగంటే, విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూలు చూస్తే ప్రాథమిక బడిలో అరవై మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలి. అరవై దాటితే ముగ్గురు, తొంభై దాటితే నలుగురు. అంటే ఎంత చిన్న బడికైనా ఇద్దరు తప్పనిసరి. అయితే కేంద్ర విద్యాశాఖ 2024–25 యూడైస్ ప్లస్ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరే టీచరున్న బడులు 12,912. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. దేశం మొత్తం మీద ఇలాంటివి లక్షా నాలుగు వేలు దాటాయి. వాటిలో ప్రతి ఎనిమిదింటిలో ఒకటి మనదే.

సింగిల్ టీచర్ బడిలో రోజు ఎలా నడుస్తుందో ఉపాధ్యాయులందరికీ తెలుసు. పొద్దున్నే ఫోన్ తీసి యాప్‌లో తన హాజరు, ఆపైన పిల్లల హాజరు వేయాలి. రాగిజావ ఇచ్చే రోజైతే అది చూసుకోవాలి. వంట ఏజెన్సీ బియ్యం కొలిచేటప్పుడు దగ్గరుండాలి. ఆ తర్వాత బోర్డును గీతలతో పంచుతారు. ఒక మూల ఒకటో తరగతికి అక్షరాలు, దాని పక్కన మూడుకు ఎక్కం, చివర అయిదుకు భాగహారం. అయిదో తరగతి పిల్ల చేత రెండో తరగతికి పాఠం చదివించి, తాను ఒకటో తరగతి పిల్లాడి వేలు పట్టి ‘అ’ దిద్దిస్తారు. ఈలోగా మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసు నుంచి ఏదో వివరం అర్జెంటుగా పంపమని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. స్కూల్ కాంప్లెక్స్ మీటింగు ఉన్న రోజున, ఒంట్లో బాగాలేని రోజున పక్క ఊరి నుంచి ఎవరినైనా సర్దుబాటు చేస్తేనే బడి. చేయకపోతే తాళం. గడప దగ్గర నిలబడి చూసే తల్లికి ఇదంతా ఒక్క చూపులో అర్థమవుతుంది. మర్నాటికి వ్యాను మాట్లాడుకుంటుంది.

ఒకరిద్దరు పిల్లలు అలా వెళ్లేసరికి రోల్ తగ్గుతుంది. రోల్ తగ్గితే రెండో పోస్టు సర్‌ప్లస్ అవుతుంది. రెండో పోస్టు పోతే ఇంకో నలుగురు పిల్లలు టీసీ అడుగుతారు. టీచర్ ఉంటేనే పిల్లలు వస్తారు, పిల్లలుంటేనే టీచర్ని ఇస్తామంటారు. ఈ ముడి ఎటు విప్పినా ప్రభుత్వమే విప్పాలి.

విప్పే ప్రయత్నాలు జరగలేదని కాదు. 2019 నవంబరు 14న మొదలైన నాడు–నేడు పథకంతో చాలా బడులకు రంగులు, బల్లలు, మరుగుదొడ్లు వచ్చాయి. 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లకు 3, 4, 5 తరగతులను తరలించడం అప్పటి విధానం. ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. ఎనిమిదేళ్ల పిల్ల లారీలు తిరిగే రోడ్డు దాటి హైస్కూలుకు ఎలా వెళ్తుందని ఆ ఏడాది రాష్ట్రమంతటా తల్లిదండ్రులు బడుల ముందు బైఠాయించారు. ఎలాగూ ఊరు దాటించాల్సిందే అయితే ఇంటి ముందుకొచ్చే ప్రైవేటు బస్సే మేలనుకున్నవాళ్లు తక్కువేం కాదు. 2025లో కూటమి ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసి సుమారు 9,600 బడులను ఆదర్శ ప్రాథమిక పాఠశాలలుగా మార్చింది. వాటిలో తరగతికో టీచర్. మంచి మాటే. కానీ ఆ భాగ్యం పిల్లలు ఎక్కువ ఉన్న బడులకే. ముడి బిగిసిపోయిన చిన్న బడి ఆ జాబితాలోకి ఎలా ఎక్కుతుంది?

డబ్బు సాయమూ చిత్రంగానే పనిచేస్తోంది. 2020లో అమ్మ ఒడి, 2025 జూన్ 12న తల్లికి వందనం. ఇప్పుడు పథకం మొత్తం 15,000 రూపాయల్లో 2,000 బడి నిర్వహణకు మినహాయించి 13,000 తల్లి ఖాతాలో వేస్తున్నారు. పిల్లలు ఏ బడిలో చదివినా వస్తుంది. బీద ఇంటికి ఇది పెద్ద ఆసరా, కాదనలేం. కాకపోతే డబ్బు తల్లి వెంట నడుస్తోంది, పోస్టేమో రోల్ వెంట నడుస్తోంది. వేట లేని జూన్‌లో వచ్చిన ఆ 13,000 చాలా ఇళ్లలో నేరుగా ప్రైవేటు స్కూలు కౌంటరుకే చేరుతుంది.

ప్రైవేటు వైపు లాగేది ఇంగ్లిష్ మీడియం ఒక్కటే అనుకుంటే పొరపాటు. సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చి కొన్నేళ్లయింది. అసలు తేడా వయసులో ఉంది. ప్రైవేటు స్కూలు మూడేళ్లకే నర్సరీలో చేర్చుకుంటుంది. సర్కారు బడి ఒకటో తరగతికి అయిదేళ్లు నిండేదాకా ఆగుతుంది. ఆ రెండేళ్లూ అంగన్‌వాడీ ఉన్నా, అది చదువు చెప్పే చోటన్న నమ్మకం ఇంకా కుదరలేదు. ఒకసారి వ్యాను అలవాటైన పిల్ల అయిదేళ్లకు వెనక్కి రాదు. ఇక అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ లాంటి బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే తల్లుల సంగతి వేరే. పొద్దున్నే కంపెనీ బస్సెక్కే మనిషికి తొమ్మిది గంటల బడికి పిల్లని దిగబెట్టే వీలుండదు. సాయంత్రం బడి వదిలాక తాను వచ్చేదాకా చూసుకునే అత్తో అమ్మో ఇంట్లో లేకపోతే ట్యూషన్ కూడా పెట్టే స్కూలే దిక్కు. ఇందులో మోజు కన్నా అవసరమే ఎక్కువ.

మరి పట్నం వైపు సీట్లు ఉన్నాయా అంటే అక్కడ ఇంకో రకం కష్టం. నచ్చిన ప్రైవేటు స్కూల్లో తరగతులు నిండిపోతాయి. ఆడపిల్లల కస్తూర్బా విద్యాలయాల్లో ఆరో తరగతికి 40 సీట్లే, గురుకులాలకు ప్రవేశ పరీక్షలు, జాబితాలు. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు బీద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని విద్యాహక్కు చట్టంలో 12వ సెక్షన్ చెబుతోంది. దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని తెలియని ఇళ్లే ఎక్కువ.

కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న చట్టాన్నే చివరిదాకా చదివితే చాలు. తన పరిధిలోని పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి రికార్డు స్థానిక సంస్థ దగ్గర ఉండాలని 9వ సెక్షన్ అంటోంది. ఏ ఊళ్లో ఎంతమంది మూడేళ్లవాళ్లున్నారు, ఎవరు ఏ వ్యాను ఎక్కుతున్నారు అన్న పట్టీ గ్రామ సచివాలయంలో తయారు చేయడం కష్టం కాదు, సచివాలయాల్లో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్లు ఉన్నారు. టీచర్ల కేటాయింపు బడి రోల్‌ని బట్టి కాకుండా ఆ పట్టీని బట్టి జరగాలి. ఊళ్లో నలభై మంది పిల్లలుంటే, బడిలో పదిహేను మందే ఉన్నా ఇద్దరు టీచర్లను ఇచ్చి మూడేళ్లు కదపకుండా ఉంచి చూడాలి. తగ్గిన రోల్ తిరిగి రాకపోతే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

రెండో పని తల్లిదండ్రులది. ఏ తరగతిలో ఎంతమంది చేరతారు, ఎందరు టీచర్లు కావాలి అన్న అంచనాతో మూడేళ్ల పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాసే అధికారం బడి యాజమాన్య కమిటీకి ఉంది. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. చాలాచోట్ల ఆ కమిటీ సున్నం, బల్బుల బిల్లుల మీద సంతకాలు పెట్టడంతోనే సరిపెట్టుకుంటోంది. వచ్చే ఏప్రిల్‌లో, పడవలు ఒడ్డుకు చేరి మగవాళ్లూ ఇంటిపట్టున ఉండే రోజుల్లో, ఆ ప్రణాళిక రాసి రెండో టీచర్ని పేరు పెట్టి అడిగితే ఎంఈవో కాగితం మీద జవాబు ఇవ్వక తప్పదు. జూన్ 12 లోపు ఆ జవాబు చేతిలో ఉంటే, అప్పు చేసి వ్యానెక్కించాలా వద్దా అన్నది ప్రతి ఇల్లూ తెలిసి నిర్ణయించుకోగలదు.