బొమ్మ రైలే అనుకునేరు!

పిల్లలు ఆడుకునే బొమ్మ రైలు ఖరీదు ఎంతుంటుంది? నుమాయిష్‌లో కొన్నదైతే రెండు వందలో, మూడు వందలో. సంక్రాంతి సెలవులు అయిపోయేలోపు దాని చక్రాలు ఊడిపోతాయి కూడా. మరి ముప్ఫై, నలభై వేలు పోసి కొన్న రైలింజన్‌ను ఒక్కసారైనా నడపకుండా, డబ్బాలోంచి తియ్యకుండా, ఇరవై ఏళ్లు బీరువాలో దాచిపెట్టేవాళ్లుంటారంటే నమ్ముతారా? నేనూ నమ్మేదాన్ని కాదు. మా అన్నయ్య పోయాక, మా వదిన రెండు పెద్ద పెట్టెలతో పానగల్ వచ్చేదాకా.

నల్గొండ పక్కనే మా పానగల్. ఉదయ సముద్రం చెరువు, ఛాయా సోమేశ్వరాలయం చూడటానికి వచ్చినవాళ్లకు ఊరు తెలిసే ఉంటుంది. మా చిన్నతనంలో ఊళ్లో రైలు మాటే లేదు. బీబీనగర్–నడికుడి లైను వేశాకే నల్గొండకు రైలొచ్చింది, అది 1980ల ముచ్చట. అన్నయ్యకు రైలు పిచ్చి ఎక్కడ పట్టుకుందో మరి! ఉద్యోగం జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో దొరికింది. అక్కడికి దగ్గర్లోనే గోపింగెన్ అని ఒక ఊరు. ప్రపంచంలో బొమ్మ రైళ్లకు పేరుపడ్డ మెర్‌క్లిన్ కంపెనీ పుట్టిల్లు అదే. ఇంకేముంది, దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే!

"జీతంల నుంచి నెలనెలా ఎంతో కొంత పక్కకు వెట్టేటోడు. నేనడిగితే, చీరలు కొంటలేవా నువ్వు, ఇవి నా చీరలు అనేటోడు" అని వదిన నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడు వీటిని ఏం జేయాలె? పిలగాళ్లకు పంచిపెడదామా?"

పంచేవాళ్లమే. అప్పటికే తెలిసిన ఒక వ్యాపారి వచ్చి, "బొమ్మలే కదమ్మా, అన్నీ కలిపి తీసుకుంటా" అని ఒక అంకె చెప్పి వెళ్లాడు. ఆ డబ్బుతో వదినకు ఒక మంచి పట్టుచీర వచ్చేదేమో. మా మేనకోడలు ఒక డబ్బా విప్పి చూసింది గనక ఆగాం. ఇంజన్ కింద ఒక కాగితముంది. "అత్తా, ఇది సర్టిఫికెట్‌లాగుంది. క్లబ్ మెంబర్లకు మాత్రమే అని రాసి ఉంది" అంది.

ఆ కాగితం సంగతి తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. తెలుసుకున్నాక అనిపించింది, ఇది మన పేజీలో రాయాల్సిన విషయమేనని. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మొదట లక్కపిడతలే!

మెర్‌క్లిన్ కంపెనీ మొదట తయారుచేసింది రైళ్లు కావు. ఆడపిల్లల బొమ్మ వంటిళ్లకు గిన్నెలు, పొయ్యిలు. మన లక్కపిడతల్లాంటివే, కాకపోతే రేకువి. థియోడర్ మెర్‌క్లిన్ అనే రేకుపని మేస్త్రి 1859లో ఈ పని మొదలుపెట్టాడు. ఆయన చేస్తే, అమ్మింది ఎవరనుకున్నారు? భార్య కరోలిన్. సరుకు పట్టుకుని దక్షిణ జర్మనీ అంతా, స్విట్జర్లాండ్ దాకా తిరిగేది. ఆడవాళ్లు ఒంటరిగా ఊళ్లు తిరిగి వ్యాపారం చెయ్యడం ఊహించని రోజులవి! 1866లో భర్త ప్రమాదంలో చనిపోయాడు. చిన్న పిల్లలు, చేతిలో చిన్న కార్ఖానా. మూసేసి పుట్టింటికి పోయి ఉంటే ఈ రోజు మెర్‌క్లిన్ పేరు ఎవరికీ తెలిసేది కాదు. ఆమె మూయలేదు. ఇరవై ఏళ్లకు పైగా నెట్టుకొచ్చింది. 1888లో కొడుకుల చేతికి వచ్చాక, 1891లో లైప్‌జిగ్ సంతలో ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే పట్టాల మీద కీ ఇచ్చే రైలును ప్రదర్శించారు.

అందులో ఉన్న తెలివి చూడండి. ముందు ఒక ఇంజన్, నాలుగు పట్టాలు కొనాలి. వచ్చే పండక్కి రెండు పెట్టెలు. ఆ పై ఏడు ఒక స్టేషను, ఒక గేటు. బొమ్మల కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మను చేర్చినట్టు. బొమ్మ వంటింటికి ఒక్కో గిన్నె కొనిపించే కిటుకునే రైలుకు తగిలించారన్నమాట. వంటింటి తెలివితేటలు ఎంత దూరం పోయాయో!

మెంబర్లకు మాత్రమే

ఇక ఆ కాగితం సంగతి. మెర్‌క్లిన్ 1993లో ఇన్‌సైడర్ అనే క్లబ్బు పెట్టింది. ఏటా రుసుం కట్టి చేరాలి. చేరినవాళ్లకు పత్రికలు, కేటలాగు, ఏడాదికో చిన్న రైలుపెట్టె ఉచితంగా వస్తాయి. అసలు ఆకర్షణ వేరే. ప్రతి ఏడూ క్లబ్బు కోసమే ఒక ప్రత్యేకమైన మోడల్‌ను ప్రకటిస్తారు. అది దుకాణంలో ఎవరికిబడితే వాళ్లకు అమ్మరు. మెంబరు గడువులోపు డీలరు దగ్గర ఆర్డరు చెప్పుకోవాలి. గడువు అయ్యాక వచ్చిన ఆర్డర్లెన్నో చూసుకుని అన్నే చేస్తారు. చేతికి రావడానికి నెలలు పడుతుంది. వచ్చినప్పుడు దాంతోపాటు ధ్రువపత్రం. మళ్లీ ఆ మోడల్ చెయ్యరు.

ఇలాంటి క్లబ్బులు ఒక్క జర్మనీలోనే అనుకోకండి. బ్రిటన్‌లో హార్న్‌బీ, బాక్‌మన్ కంపెనీల క్లబ్బులూ మెంబర్లకు ప్రత్యేక మోడళ్లు ఇచ్చాయి. అమెరికాలో 1954లో పెట్టిన ట్రైన్ కలెక్టర్స్ అసోసియేషన్ తన ఏటేటి సమావేశాలకు గుర్తుగా ప్రత్యేకం పెట్టెలు చేయిస్తూ వచ్చింది. మన దేశంలో ఈ సరదా తక్కువే. చూడాలనుకుంటే పుణెలో భావూ జోషీ అనే ఆయన జీవితమంతా పోగేసిన చిన్న రైళ్ల మ్యూజియం ఉంది. 1998లో తెరిచారు. పిల్లల్ని తీసుకెళ్లండి, మీరూ చూడండి.

మరి ఆ చిన్న ఇంజన్‌లో ఏముంది? నేనూ చేతిలోకి తీసుకుని చూశాను. అన్నయ్య దగ్గర ఉన్నవాటిలో ఎక్కువ 'హెచ్ జీరో' సైజువి. అసలు రైలులో 87వ వంతు. మనం ఎక్కే బోగీని ఆ లెక్కన కుదిస్తే జానెడు కంటే కాస్త పొడవుంటుంది. ఆ జానెడులోనే మెట్లు, చేతికడ్డీలు, గోరంత అక్షరాలు. చేతిలో బరువుగా, చల్లగా ఉంది. అన్నయ్యకు చీరలు ఎందుకు గుర్తొచ్చాయో కొంత అర్థమైంది.

మధ్యలో ఒక మాట. రైళ్లంటే మగపిల్లల ఆటేనని కంపెనీలూ అనుకునేవి. అమెరికాలో లయనెల్ కంపెనీ 1957లో ఆడపిల్లల కోసమని ఒక రైలు సెట్టు తెచ్చింది. గులాబీ రంగు ఇంజన్, లేత పసుపు, లేత ఊదా, ఆకాశం రంగు పెట్టెలు! ఎవరూ కొనలేదు. రైలు కావాలనుకున్న ఆడపిల్లకు నిజం రైలులా నల్లగా ఉండేదే కావాలి గానీ, గౌను రంగుది ఎందుకు? అమ్ముడుపోక కొందరు దుకాణదారులు వాటికి నల్లరంగు వేసి అమ్మారని చెప్పుకుంటారు. తమాషా ఏమిటంటే, తక్కువ మిగిలాయి గనక ఈ రోజు సేకరించేవాళ్లు వాటికోసమే ఎగబడతారు.

మరి విలువెంత?

వదిన అడిగిన అసలు ప్రశ్న ఇదే. "మెంబర్లకే ఇచ్చిన్రంటే ఇప్పుడు లక్షలు పలుకుతయా?"

పలకవు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ప్రత్యేకం అన్నారు కదా అని బంగారంలాగా పెరుగుతుందనుకుంటారు. వేలమంది మెంబర్లు అడిగితే వేలు చేస్తారు. మెంబర్లకు మాత్రమే అన్న మాటకూ, దొరకనిది అన్న మాటకూ చాలా తేడా ఉంది. పైగా కొన్నవాళ్లంతా మా అన్నయ్యలాగే డబ్బాతో సహా భద్రంగా దాచారు. అంటే అన్నీ కొత్తవాటిలాగే మిగిలాయి. సేకరించిన తరం పెద్దదైపోయింది, వాళ్ల పిల్లలకు ఆ మోజు లేదు. ఎన్నో మోడళ్లు కొన్న ధరకన్నా తక్కువకే పోతున్నాయి. కంపెనీకే కష్టాలొచ్చాయి. సరిగ్గా నూటయాభై ఏళ్లు నిండే 2009లోనే మెర్‌క్లిన్ దివాలా పిటిషన్ వేసింది. తేరుకున్నాక 2013లో సింబా డికీ అనే బొమ్మల కంపెనీ వర్గం కొనుక్కుంది.

అలాగని ఆ వ్యాపారి చెప్పిన ధర న్యాయమని కాదు! డబ్బా, ధ్రువపత్రం, నడిపే కాగితాలు, అన్నీ ఉన్న మోడల్‌కు ఒక ధర. అదే ఇంజన్ ఉత్తదిగా ఉంటే ఇంకో ధర. సగం కూడా రాకపోవచ్చు. కాబట్టి ఇంట్లో ఇలాంటివి ఉంటే అట్ట డబ్బాలను చెత్త అనుకుని పారెయ్యకండి. దుమ్ము పట్టిందని తడిగుడ్డతో రుద్దకండి. సన్నటి అక్షరాలు పోతాయి. ఇంకొకటి, మెర్‌క్లిన్ హెచ్ జీరో ఇంజన్లకు కరెంటు అందేది పట్టాల మధ్యలోని చిన్న మొటికల నుంచి. వేరే కంపెనీ పట్టాల మీద మామూలుగా నడవవు. కదలడం లేదని పాడైపోయిందనుకుని కారుచౌకగా ఇచ్చేస్తే మీరే నష్టపోతారు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆయన ఉండగానే అడగండి. స్టాంపులు కావచ్చు, నాణేలు, గడియారాలు, రైళ్లు ఏవైనా కావచ్చు. ఏది ఎంతకు కొన్నారు, ఏది నిజంగా అరుదైనది, అమ్మాల్సివస్తే ఎవరిని అడగాలి, ఒక నోటుపుస్తకంలో రాయించండి. అడిగితే బాధపడతారేమోనని మన భయం. నిజానికి ఇలాంటి సరదా ఉన్న మగవాళ్లకు ఆ ముచ్చట చెప్పమంటే పండగే. బ్యాంకు పాసుబుక్కు ఎక్కడుందో చెప్పని మనిషి కూడా ఇంజను చక్రాల గురించి గంటసేపు చెబుతాడు. మా వదిన అడగలేదు. "అడిగితే ఇంకో రెండు కొంటడని భయమేసింది" అంటుంది.

ఇప్పుడు ఆ లెక్క ఆమే రాస్తోంది. మధ్యాహ్నం పని అయ్యాక వరండాలో చాప పరుచుకుని, డబ్బా మీది నంబరు, కాగితం ఉందా లేదా, సంవత్సరం. మేనకోడలు ఫొటోలు తీస్తుంది. నలభై ఒకటి తేలాయి. వాటిలో క్లబ్బువి తొమ్మిది. అన్నయ్యతో పనిచేసిన స్నేహితుడొకాయన స్టుట్‌గార్ట్‌లో ఉన్నాడు. జాబితా పంపిస్తే అక్కడి వేలంవాళ్లను అడిగి చెబుతానన్నాడు. ఒక్కొక్కటిగా అమ్మితే ఎక్కువ వస్తుంది గానీ ఏడాది పడుతుందట. పట్టనీ అంది వదిన.

జాబితాలో నలభై మాత్రమే రాసింది. పెట్టెలో పట్టాలు, ట్రాన్స్‌ఫార్మరు కూడా ఉన్నాయి. జర్మనీ ప్లగ్గు మన సాకెట్లో వదులుగా ఉంటే కరెంటు పనిచేసే అబ్బాయిని పిలిచి మార్పించాం. నల్లటి ఆవిరి ఇంజనొకటి వరండాలో గుండ్రంగా తిరుగుతోంది. దాని డబ్బా మాత్రం జాగ్రత్తగా పైన పెట్టాం.