పల్లెపాట - ధ్వనిముద్రణశాల

విసురురాతికడ పాడుకొను పాటకు విలువ యేమున్నదని తలంచు సోదరీమణులు కలరు. అట్టి యింటి పాటలే అమెరికాలో నొక గొప్ప సంగీతశాఖకు మూలమైనవి. 1927 వేసవిలో బ్రిస్టల్ పట్టణమున, టోపీల వర్తకుల భవనమొకదానిలో, రాల్ఫ్ పియర్ అను నాతడు తాత్కాలికముగ ధ్వనిముద్రణశాల నేర్పరచెను. వర్జీనియా కొండపల్లెనుండి వచ్చిన కార్టర్ కుటుంబమువా రచ్చట రెండు దినములలో ఆరు పాటలు పాడిరి. వారిలో సేరా, మేబెల్ అనువా రిరువురును గృహిణులే. ఆ రికార్డులు దేశమంతట ప్రచారమొందినవి. పిదప 1957లో నాష్‌విల్ నగరమున వెలసిన ఆర్. సి. ఏ. స్టూడియో ‘కంట్రీ’ సంగీతమునకు, అనగా వారి పల్లెపాటకు, పేరెన్నికగన్నది.

మన హైదరాబాదున పల్లెపాటకు చోటిచ్చినది రేడియో. 1935లో 200 వాట్ల శక్తితో ప్రారంభమైన దక్కను రేడియోను 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వము స్వీకరించినది. అదియే నేటి ఆకాశవాణి కేంద్రము. అందు జానపద సంగీత ప్రయోక్తగా శ్రీమతి వింజమూరి సీతాదేవిగారు పనిచేసిరి. ఆమెయు, సోదరి అనసూయాదేవిగారును సభలలోను, రేడియోలోను పల్లెపదములు పాడి, పండితులచేత సైతము మెప్పించిరి. ‘మా భూమి’ చిత్రమునకు సంగీతము కూర్చినవారిలో సీతాదేవిగా రొకరు.

1958లో ఆచార్య బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వెలువడినది. పుస్తకము మాటలను కాపాడును. బాణిని, గొంతులోని విరుపును కాపాడవలెనన్న ధ్వనిముద్రణయే శరణ్యము. పాడువారు పోయిన, బాణియు వారితోనే పోవును.

నారాయణగూడలో 1928లో మాడపాటి హనుమంతరావుగారు నెలకొల్పిన పాఠశాల బాలికలకు తెలుగున చదువు నేర్పినది. చదువు వచ్చినంతమాత్రమున అమ్మమ్మ పాట మోటు కానక్కరలేదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరి విని వచ్చు సోదరి, అశోక్‌నగరులోని తన యింట అత్తగారు పాడు బతుకమ్మపాటను గూడ నట్లే చెవియొగ్గి వినవచ్చును.

నేడు చేతిలోని ఫోనే ముద్రణశాల. తలుపులు మూసి, పంకా నాపి, ఫోనును పాడువారికి మూరెడు దూరమున నుంచవలెను. మొదట వారి పేరు, ఊరు, పాట నేర్పినవా రెవరు, దాని నెప్పుడు పాడుదురు అనునవి వారిచేతనే చెప్పించి, తరువాత పాడించవలెను. నడుమ తప్పు దిద్దరాదు. కార్టరు గృహిణుల పేర్లు నేటికిని నిలిచియున్నవి. మన పెద్దల పాటలకో, ‘జానపదము’ అను నొక్క పేరే మిగులుచున్నది. వారి పేరును పాటతోకూడ నిలుపుట మన చేతిలోని పని. ఈ దసరాకు ముందే ఒక్క పాటనైన భద్రపరచుదురుగాక యని మా కోరిక.